అక్కయ్యగారి కొలతలకు ఒక టైటానియం సైకిలు

సైకిళ్ల మేస్త్రిగారికి,

మీ మొహం చూడలేదు గాని మీ చేతిపని చూశాను. ముందుగా దానికి నమస్కారం.

నేను దర్జీని. మా కొట్టు రోడ్డు మలుపులో ఉంటుంది. కుట్టుమిషను కిటికీకి ఎదురుగా వేసుకున్నాను కాబట్టి ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డున పోయేవాళ్లందరూ నా సూది ముందు నుంచే పోతారు. ఆదివారం పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందు, సైకిళ్ల గుంపొకటి వెళ్తుంది. అందులో రంగు వేయని బూడిదరంగు సైకిలొకటుంది. అది పోతుంటే, పట్టుగుడ్డలో కత్తెర ఎక్కడా ఆగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి జారినట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు విన్న రోజు సాయంత్రం దాకా నాకు పని మీద ధ్యాస నిలవదు.

పోయిన వారం ఆ సైకిలు చెయిను సరిగ్గా మా గుమ్మం ముందే ఊడింది. చేతులు తుడుచుకోమని దాన్ని తొక్కే ఆయనకి గుడ్డపీలిక ఇచ్చి, పనిలో పనిగా సైకిలు చూశాను. గొట్టానికి గొట్టం కలిసినచోట కుట్టు ఎంత తీరుగా ఉందో! "ఎవరు కుట్టారండీ ఇది?" అన్నాను. "కుట్టు కాదమ్మా, వెల్డింగు" అని నవ్వాడాయన. "నాకే చెప్తున్నారా? అది కుట్టే" అన్నాను. అది టైటానియమని చెప్పి, మీ చిరునామా రాసిచ్చాడు.

నాకూ ఒకటి కావాలి. పందేలకి కాదు, షికారుకి. మా కిటికీలోంచి చూస్తే రోడ్డు తిన్నగా గుట్ట దాకా పోయి, రెండు పొడుగాటి చెట్ల వెనక మాయమైపోతుంది. ఆ చెట్ల వెనక ఏముందో నాకు తెలియదు. అటు వెళ్లొచ్చినవాళ్ల బట్టలన్నీ నేనే కుట్టాను, నేను మాత్రం వెళ్లలేదు. మా మేనకోడలి అల్యూమినియం సైకిలు మీద రెండుసార్లు బయల్దేరాను. సగం దారిలోనే రెండు చేతులూ తిమ్మిరెక్కి వెనక్కి వచ్చేశాను. రెండోసారి ఆ తిమ్మిరి రెండు రోజులు వదల్లేదు. వేలికి సూది దిగినా తెలియలేదు, ఎవరిదో కోటు లైనింగు మీద రక్తపు చుక్క చూసి తెలుసుకున్నాను. వేళ్లకి సూది తెలియని దర్జీ ఉంటే ఎంత, లేకపోతే ఎంత? సైకిలన్నా మార్చు, సైకిలెక్కడమన్నా మానుకో అన్నాడు డాక్టరు.

టైటానియం అయితే రోడ్డు అదురుని మింగేస్తుందట, నిజమేనా? ఉన్నదున్నట్టు చెప్పండి. కాదంటే ఆ చెట్లవైపు చూడ్డం మానేసి మిషను గోడవైపు తిప్పేసుకుంటాను.

ఇట్లు,
మలుపు దగ్గరి దర్జీ

తా.క. రంగు వద్దు. ఆ బూడిదరంగు మీదికి ఏ దారమైనా నప్పుతుంది.

* * *

గౌరవనీయులైన దర్జీగారికి,

నమస్కారములు. మీ ఉత్తరం అందింది. నా అతుకును కుట్టు అన్నవారు ఇంతవరకు లేరు. ఆ మాటను పనిబల్ల ఎదుట గోడకు అంటించుకున్నాను.

మీరు ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. టైటానియం మంత్రలోహం కాదు. రోడ్డు అదురును ముందుగా మింగేవి టైర్లు. అవి కొంచెం వెడల్పుగా, గాలి కొంచెం తక్కువగా ఉండాలి. ఆ తరువాతే ఫ్రేము వంతు. అన్నిటికంటె ముఖ్యమైనది మీరు కూర్చునే తీరు. పందెపు సైకిలు మనిషిని ముందుకు వంచి ఒంటి బరువును అరచేతుల మీదికి తోస్తుంది. అరచేతిలోని నరం నలిగితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. షికారు సైకిలుకు హ్యాండిలు ఎత్తుగా, దగ్గరగా ఉండాలి. గుట్ట ఎక్కడానికి తేలికపాటి గేర్లు, ఒక వేలితో నొక్కితే పలికే బ్రేకు ఉంటే చాలును.

కార్బన్ ఇంకా తేలిక, కాని మీకు ఎవరినీ ఓడించే పని లేదు. స్టీలు మంచిది, కాని దానికి తుప్పు భయం. టైటానియం తుప్పు పట్టదు, త్వరగా అలసిపోదు. దానికి ఒక్కటే మొండితనం. మీ పనిలో కుట్టు విప్పి మళ్లీ వేయవచ్చును. నా పనిలో ఒకసారి అతికితే అతికినట్టే. కనుక కొలతలు తప్పకూడదు. ఫారం జతపరుస్తున్నాను. అన్నిటిలోను చేతుల పొడవు అతి ముఖ్యం. మీ తిమ్మిరికి మందు ఆ ఒక్క అంకెలోనే ఉంది.

పని మధ్యలో ఫోను ముట్టుకుంటే వేలి జిడ్డు లోహానికి అంటి అతుకు పాడవుతుంది. అందుచేత నాకు ఉత్తరాలే సౌకర్యం.

భవదీయుడు,
ఫ్రేముల మేస్త్రి

తా.క. మీరు చూసిన ఆ సైకిలు అతుకులో ఒకచోట అర మిల్లీమీటరు వంకర ఉంది. మీకు కనబడి ఉండదు. ఒకవేళ కనబడితే దయచేసి ఆయనకు చెప్పకండి.

* * *

మేస్త్రిగారికి నమస్కారం.

కనబడింది. సీటు కింద, ఎడమ పక్క. చెప్పలేదు లెండి.

ఫారం నింపి పంపుతున్నాను. ఒక్క సంగతి. నా ఒళ్లు నేను కొలుచుకోలేను. వంగితే టేపు వంగుతుంది, నిటారుగా నిలబడితే అంకె కనపడదు. ఏ దర్జీనడిగినా ఇదే చెప్తారు. అందుకని కొలతలన్నీ మా అక్కయ్య మీద తీశాను. అక్కయ్యకీ నాకూ నూలుపోగంత తేడా లేదు. పైగా నాలాగా మెలికలు తిరగదు, కిటికీ పక్కన ఎలా నిలబెడితే అలాగే నిలబడి ఉంటుంది.

భుజాల వెడల్పు, మొండెం పొడవు, నడుము అన్నీ సరిగ్గా చూసి వేశాను. కాలి పొడవు గడిలో కొంచెం తికమక పడ్డాను. అక్కయ్యకి ఉన్నది ఒక్కటే కాలు, అదీ ఇనుపది. మర తిప్పితే పొడుగూ పొట్టీ అవుతుంది. నా ఎత్తుకి సరిపోయేలా తిప్పి ఆ అంకె వేశాను. చేతుల గడిలో 'చేతులు లేవు' అని రాశాను. ఏమీ అనుకోకండి, లేనివి ఎక్కణ్ణుంచి తేను?

తొందరగా మొదలుపెట్టండి. వానలొస్తే ఆ రోడ్డు మూణ్ణెల్లు బురదే.

ఇట్లు,
దర్జీ

తా.క. ఫారం మీది బొట్టు టీ మరక. కొలత కాదు.

* * *

గౌరవనీయులైన దర్జీగారికి,

నమస్కారములు. మీ ఫారం అందింది. చేతుల గడిలో మీరు రాసిన రెండు మాటలు చదివి నాకు కాలూ చేయీ ఆడలేదు. ఈ మాట వాడినందుకు కూడా నన్ను క్షమించండి. వెల్డింగు కట్టివేసి, టీ కలుపుకొని, తాగడం మరచిపోయి, అది చల్లారేవరకు కిటికీ దగ్గర నిలబడ్డాను.

పోయిన ఉత్తరంలో 'చేతుల పొడవు అతి ముఖ్యం' అని రాసినవాణ్ణి నేనే. ఆ వాక్యాన్ని అక్కయ్యగారు చదవలేదని ఆశిస్తున్నాను.

ఒక స్పష్టత అవసరం. నొచ్చుకోకుండా చెప్పగలరు. సైకిలును అక్కయ్యగారి కొలతలకే తయారుచేయమంటారా? అలాగైతే సంతోషంగా చేస్తాను. ఇది సాధ్యం కాదని ఇతరులు చెప్పి ఉంటారు. ఇరవై ఆరేళ్ల అనుభవంతో చెబుతున్నాను, సాధ్యమే. కొంచెం ఆలోచించాలి, అంతే.

ఇంకొక చిన్న విన్నపం. ఇనుప కాలు బరువు. ఫ్రేము చేయగా మిగిలిన గొట్టంతో ఆవిడకు టైటానియం కాలు ఒకటి చేసి పంపుతాను. దీనిని నా తృప్తి కోసమే అనుకోండి. రోజంతా నిలబడి ఆవిడ అలసిపోరా?

భవదీయుడు,
ఫ్రేముల మేస్త్రి

తా.క. నా ఫారంలో చేతుల గడి పక్కన 'తప్పనిసరి' అని ఎర్రసిరాతో అచ్చయి ఉంటుంది. నా దగ్గర మిగిలిన నలభై ఫారాల మీద ఈ ఉదయం ఆ మాట కొట్టివేశాను.

* * *

మేస్త్రిగారికి నమస్కారం.

మీరెంత మంచివారండీ! అక్కయ్య కాలి సంగతి ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టించుకోలేదు. అడుగున తుప్పు పట్టి గచ్చంతా మరకలే. తప్పకుండా చేయండి, మర మాత్రం మరిచిపోకండి.

అవునండీ, అక్కయ్య కొలతలకే చేయండి. ఒక్క అంకె కూడా మార్చకండి.

అలసిపోవడమా? నేను కొట్టు తీసుకున్న రోజు నుంచీ నిలబడే ఉంది. కూర్చోబెడదామన్నా వంగదు. నాకు పని నేర్పిన గురువమ్మ కొట్టు నాకు వదిలేసి వెళ్తూ అక్కయ్యని కూడా నాకే అప్పగించింది. నిజం చెప్పాలంటే ఈ కొట్టులో నాకు విసుగు తెప్పించని మనిషి తనొక్కతే. ఒంటి నిండా పిన్నులు గుచ్చినా నోరు మెదపదు. కొట్టు కట్టేసేటప్పుడు దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పేసి వెళ్లిపోతాను, పొద్దున్నే వచ్చి తీస్తే అదే నిలబడ్డం. పోయిన ఏడాది నడుం దగ్గర ఎలుక కొరికింది. నేను చూసేసరికి వారమైంది, పైకి ఏమీ అనదు కదా పాపం. గుడ్డ అతికేశాను.

సైకిలు మీద అక్కయ్యేం చేస్తుందండీ, నేనే వెళ్తాను, ఒక్కదాన్నే. రాత్రి కలలో కూడా వెళ్లాను. రోడ్డంతా ఇస్త్రీ చేసినట్టుంది. చెట్ల దగ్గరికి వచ్చేసరికి చక్రాలు నేలకి తగలడం లేదు. నా చేతులు ఉన్నాయో లేదో కూడా తెలియలేదు, అంత హాయిగా ఉన్నాయి. నేను వచ్చేదాకా అక్కయ్య కొట్టు చూస్తూ ఉంటుంది.

ఇట్లు,
దర్జీ

తా.క. తనని సరిగ్గా చూసుకోనని అనుకునేరు. కొత్త బట్ట ఏది కుట్టినా ముందు తనకే తొడుగుతాను. మంచి బేరం రాగానే విప్పి అమ్మేస్తాను.

* * *

దర్జీగారికి,

నేను కొలతలవాణ్ణి. తీర్పులు చెప్పేవాణ్ణి కాను. ఇరవై ఆరేళ్లలో ఒక ఖాతాదారుకు కఠినంగా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మూడు చిత్తుప్రతులు చింపివేసి ఇది రాస్తున్నాను.

ఒక మనిషి ముప్పై ఏళ్లుగా కిటికీ పక్కన ఒంటికాలి మీద నిలబడి ఒక రోడ్డును చూస్తున్నారు. ఆవిడ కొలతలు తీసుకొని, ఆవిడ పేరు చెప్పి, ఆవిడకు పిన్నులు గుచ్చి, ఆ రోడ్డు మీదికి మీరు వెళతానంటున్నారు. ఎలుక కొరికిన సంగతి చదివినచోట కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.

నిన్న మధ్యాహ్నం గ్యాసు సిలిండరు మార్చే మనిషి ఆలస్యం చేయడంతో కుర్చీలోనే కునుకు పట్టింది. మీరు వర్ణించిన దారే కలలోకి వచ్చింది. మంచు నేలకు రెండడుగుల ఎత్తున తెల్లని గుడ్డలా పరచుకొని ఉంది. ఆ గుడ్డ మీద అక్కయ్యగారు నిటారుగా కూర్చొని వెళుతున్నారు. ఒక మాట లేదు, ఒక అలికిడి లేదు. నాకు వీపు మాత్రమే కనబడింది. అంత ప్రశాంతమైన వీపును నేను ఎక్కడా చూడలేదు. చెట్ల దగ్గర మలుపు తిరిగారు. మెలకువ వచ్చేసరికి ఫ్రేము గీత మొత్తం నా కళ్లలో సిద్ధంగా ఉంది.

కనుక మీకు తెలియజేయునది. సైకిలు తయారవుతోంది, మీకు కాదు, అక్కయ్యగారికి. గొట్టాలు కోయడం, అతకడం పూర్తయింది. చేతులు అవసరంలేని సైకిలు ఒకటి ఉంది. అది చేయడం నాకు వచ్చును. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం నేనే స్వయంగా తీసుకొని వస్తాను. ఆవిడకు ముందుగా చెప్పండి. అందాక పిన్నులు వద్దు.

ఫ్రేముల మేస్త్రి

తా.క. వేరే పార్సిలులో ఎలుకల బోను పంపుతున్నాను.

* * *

మేస్త్రిగారూ,

మీ ఉత్తరం వచ్చినప్పుడు ఒకావిడకి జాకెట్టు కొలతలు తీస్తున్నాను. చదువుతూ చదువుతూ టేపు వదిలేసి నేల మీద కూలబడి నవ్వాను. తన నడుం చూసి నవ్వాననుకుని ఆవిడ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అయ్యా, అక్కయ్య బొమ్మ. దర్జీ కొట్టులో బట్టలు తొడిగి చూసుకునే బొమ్మ. లోపల చెక్క, పైన దూది, ఆ పైన గుడ్డ. గురువమ్మ అక్కయ్య అని పిలిచేది, నేనూ అలాగే పిలుస్తాను. నాకోసం బట్టలు కుట్టుకోవాలంటే నా ఒంటి తీరున ఏదో ఒకటి ఎదురుగా ఉండాలి కదా, అందుకని ఏటా నేను ఎంత లావెక్కితే అంత దూది తనకీ కుక్కుతాను. నూలుపోగు తేడా లేదన్నది అందుకే.

నవ్వాక మాత్రం భయమేసింది. అతికేశానన్నారు. అతికితే అతికినట్టే అని మీరే చెప్పారు. చేతుల్లేని చెక్కబొమ్మ కోసం చేసిన సైకిలుని నేనేం చేసుకోను? హ్యాండిలుందో లేదో, బ్రేకు ఎక్కడుందో! వానలకి ఆరు వారాలే ఉంది. ఈమధ్య సైకిలు ముట్టుకోకపోయినా ఎడమ చిటికెనవేలు మొద్దుబారుతోంది. డాక్టరుకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు వెళ్లకపోతే ఇక నాచేత కాదేమోనని గుబులుగా ఉంది.

మీ మీద కోపం లేదండీ. మీరు తిట్టిన ఉత్తరమే నాలుగుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషిని ఒక్కసారైనా ఆ దారికి తీసుకెళ్లాలని ఒకరికి అనిపించింది కదా. అక్కయ్య పక్కన నేనూ అన్నేళ్లూ ఉన్నాను. కాళ్లు నొప్పిపుడుతున్నాయా అని నన్నెవరూ అడగలేదు. అంతే, వేరే ఏమీ లేదు.

ఇప్పుడేం చేద్దామో చెప్పండి.

ఇట్లు,
దర్జీ

తా.క. తనకి తల కూడా లేదు. ఫారంలో అడగలేదు కాబట్టి రాయలేదు.

మళ్లీ తా.క. బోను బాగా పనిచేస్తోంది. ఇప్పటికి రెండు.

* * *

గౌరవనీయులైన దర్జీగారికి,

నమస్కారములు, వాటితో పాటు క్షమాపణలు.

మీ ఉత్తరం చదివాక తొమ్మిది రోజులు బదులు రాయలేదు. మొదటి నాలుగు రోజులు సిగ్గుతో. తరువాతి ఐదు రోజులు కొలతలను మళ్లీ మళ్లీ సరిచూస్తూ. ఎక్కడా తప్పు కనబడలేదు. అదే చెప్పడానికి ఇప్పుడు రాస్తున్నాను.

చేతులు అవసరంలేని సైకిలు చేస్తున్నానని రాశాను గాని అది ఎలాంటిదో చెప్పలేదు. అది రెండు సీట్ల సైకిలు. ముందు కూర్చున్నవారు హ్యాండిలు తిప్పుతారు, గేర్లు మారుస్తారు, బ్రేకు వేస్తారు. వెనక కూర్చున్నవారికి చేతులతో పని లేదు. కావాలంటే తొక్కవచ్చును, వద్దనుకుంటే గుట్టను చూస్తూ ఉండవచ్చును. వెనక సీటును అక్కయ్యగారి కొలతలకు అతికాను. అవి నూలుపోగు తేడా లేకుండా మీ కొలతలని మీరే ధ్రువపరిచారు.

మీ డాక్టరుగారు కోరిందీ, మీ చిటికెనవేలు కోరిందీ ఆ సీటే. అక్కడ అరచేతుల మీద ఒంటి బరువు పడదు. చేతులు ఒడిలో పెట్టుకొని గుట్ట వెనక్కి వెళ్లవచ్చును. మీకు చేతులున్నాయి కనుక, వెనక కూడా చిన్న హ్యాండిలు బిగిస్తాను, ఊరికే ఆనుకోవడానికి. చిటికెనవేలి సంగతి మాత్రం ఆ ఆదివారం లోపుగానే డాక్టరుగారికి చెప్పండి. ఈ విషయంలో నేను కఠినంగానే ఉంటాను.

ఇక ముందు సీటు. ఇది రాయడం కష్టంగా ఉంది. అక్కయ్యగారిని మీ వెంట పంపడానికి నాకు మనసొప్పలేదు. నేనే తీసుకువెళ్లాలనుకున్నాను. అందుచేత ముందు సీటును నా కొలతలకు అతికివేశాను. దానిని ఇప్పుడు మార్చడం సాధ్యం కాదు. ఇరవై ఆరేళ్లుగా ఇతరుల దారులకు సైకిళ్లు చేశాను. నా కొలతలతో చేసుకున్నది ఇదొక్కటే.

మీకు ఒక్క సీటు సైకిలు కావాలి, అది మీ హక్కు. చేతుల కొలత దొరకగానే మొదలుపెడతాను, మూడు నెలలు పడుతుంది. అందాక వానలు ఆగవు కదా. మీకు సమ్మతమైతే మొదటి ఆదివారం, మంచు విడవకముందు, కొట్టు ముందు బెల్లు మోగిస్తాను. సమ్మతం కాకపోతే కిటికీ తెర వేసి ఉంచండి. మాట్లాడకుండా వెళ్లిపోతాను, నొచ్చుకోను.

దారి పొడవునా మీకు నా వీపే ఎక్కువగా కనబడుతుంది. అది అక్కయ్యగారి వీపంత ప్రశాంతమైనది కాదు. చెట్ల మలుపు దగ్గర మాత్రం పక్కకు వంగుతాను, ముందు మీరే చూద్దురుగాని. ఆ తరువాత దిగుడు. రెండు చేతులూ చాచి గాలికి వదిలేయండి. బ్రేకు సంగతి నేను చూసుకుంటాను.

భవదీయుడు,
ఫ్రేముల మేస్త్రి

తా.క. అక్కయ్యగారిని కలుసుకోవడానికని కొత్త చొక్కా ఒకటి కొన్నాను. చేతులు రెండంగుళాలు పొడుగు. అది టైటానియం కాదు కనుక, మీరు సరిచేయగలరని ఆశ.